డ్రోన్ల సైరన్ మోగితే ఏమి చేయాలి

నేను సైన్యంలో ఎల్-70 విమాన విధ్వంసక తుపాకీ మీద పనిచేసినవాణ్ణి. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు జమ్మూ మీదికి వచ్చినప్పుడు జనం మేడలెక్కి వీడియోలు తీస్తుంటే టీవీలో చూసి గుండె జారిపోయింది. దయచేసి ఆ పని చేయకండి. ఎల్-70 నిమిషానికి 300 దాకా 40 మిల్లీమీటర్ల గుండ్లు పేలుస్తుంది. గురి తప్పినవి గాల్లోనే వాటంతట అవే పేలిపోతాయి. ఆ ఇనుప ముక్కలు, కూలిన డ్రోను శకలాలు ఎవరి మేడ మీదనో పడవలసిందే.

సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం ఉన్నట్టు. దీపాలన్నీ ఆర్పండి. ఇన్వర్టర్ బల్బు, గేటు దగ్గరి సోలార్ దీపం చాలామందికి గుర్తుండవు. గ్యాస్ కట్టేయండి. కిటికీలు లేని లోపలి గదిలోకి వెళ్లండి. బయటి గోడకూ మీకూ మధ్య ఇంకొక గోడ ఉంటే మరీ మంచిది. సైరన్ ఒకే స్థాయిలో ఆగకుండా మోగేదాకా కదలకండి.

తెల్లవారాక పొలంలో డ్రోను రెక్క ముక్క కనిపిస్తే అస్సలు ముట్టుకోవద్దు, లోపల పేలని మందుగుండు ఉండవచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచి 112కు ఫోన్ చేయండి. ఫొటో వాట్సాప్‌లో పెట్టవద్దు. డ్రోను ఎక్కడ కూలిందో తెలిస్తే మన తుపాకులు ఎక్కడున్నాయో శత్రువు లెక్కగట్టగలడు.