గ్రూపులో మెసేజ్ పెట్టే ముందు ఒకసారి పైకి చదవండి

శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు చూసేదీ నేనే. చాలామంది నాన్నలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనుల్లో ఉంటారు. కొందరు అమ్మలకి చదవడం రాదు. కొత్తగా ఇలాంటి గ్రూపు నెత్తికెత్తుకునే టీచర్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట్లో నోటీసు బోర్డు భాషనే గ్రూపులోనూ పెట్టేదాన్ని. "తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, రేపు జరగబోవు సమావేశమునకు విధిగా హాజరు కావలెను." ఎవ్వరూ పలికేవారు కాదు. ఇప్పుడు అదే సంగతి ఇలా పెడుతున్నాను: "రేపు శనివారం ఉదయం 10 గంటలకి బడిలో మీటింగు ఉందండీ. అమ్మ గానీ నాన్న గానీ ఒకరొస్తే చాలు. వీలవకపోతే ఇక్కడే చెప్పండి." మొదటి వాక్యంలో రోజు, టైము, చోటు ఉన్నాయి. మర్చిపోయినవాళ్లు వెనక్కెళ్లి చూసుకునేది దాన్నే, అది రాత పని. తర్వాతి రెండూ గుమ్మం దగ్గర నిలబడి చెప్పే మాటలు. గిడుగు రామమూర్తి గారు మా వైపు మనిషి, 1863లో పర్వతాలపేటలో పుట్టారు. చదువు జనం మాట్లాడే భాషలో ఉండాలని ఆయన అంత పోరాడాక, మనం ఫోన్లో "హాజరు కావలెను" అనడం నాకు మనసొప్పదు.

మెసేజ్‌లో గొంతు వినపడదు, ముఖం కనపడదు. ఆ లోటు తీర్చడానికి తెలుగులో మాట చివర చేరే అండీ, అమ్మా లాంటివి ఉన్నాయి. ఈ మూడూ పైకి చదివి చూడండి.

"మీ బాబు ఇవాళ బడికి రాలేదు."
"మీ బాబు ఇవాళ బడికి రాలేదండీ."
"బాబు ఇవాళ బడికి రాలేదేంటమ్మా, ఒంట్లో బాగుందా?"

మొదటిది నేరం మోపినట్టుంది. రెండోది కబురు. మూడోదానికి ఆ తల్లి తప్పకుండా జవాబిస్తుంది. జవాబుల్లోనూ అంతే. "సరేనండి" అంటే ఒప్పుకున్నట్టు, "సరేలెండి" అంటే మనసులో ఏదో ఉన్నట్టు. "సరేలెండి" వచ్చిన రోజు నేను సాయంత్రం ఫోన్ చేస్తాను.

ఇంకోటి, తెలుగు లిపిలోనే రాయండి. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఒక మెసేజ్‌కి ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగైతే 70తో సరి. అసలు చాలా ఫోన్లలో తెలుగు కనపడేదే కాదు. అలా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం మన చేతికి అలవాటైపోయింది. ఒకసారి ఒక అమ్మ బాబుకి ఏదో నొప్పి అని పెట్టింది. ఆ 'ఏదో' దగ్గర కే, ఏ, ఎల్, ఎల్, యూ అని ఐదు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నేను కళ్ళు అని చదివి, కంటి డాక్టరుకి చూపించమన్నాను. తీరా ఆవిడ రాసింది కాళ్ళు. సైకిల్ మీంచి పడి పిల్లాడి మోకాలు వాచిపోయింది, మూడో రోజు దాకా నాకు తెలియలేదు. నోటితో చెప్పి ఉంటే ఆ ఒక్క దీర్ఘం చెవికి తెలిసిపోయేది, తెలుగులో రాసి ఉంటే కంటికి తెలిసేది. టైపింగ్ కష్టమైతే జీబోర్డులో, అంటే గూగుల్ వాళ్ల కీబోర్డులో, తెలుగు పెట్టుకుని మైకు నొక్కి చెప్పండి, అదే రాస్తుంది. పంపే ముందు మాత్రం చదువుకోవాలి, చుక్కలూ కామాలూ మనమే పెట్టుకోవాల్సి వస్తుంది.

మాట్లాడినట్టే ముక్కలు ముక్కలుగా పంపడం ఇద్దరి మధ్య బాగుంటుంది. అరవై మంది గ్రూపులో మీ రెండో ముక్క వచ్చేలోపు మధ్యలో నాలుగు దండాల బొమ్మలు పడతాయి. తేదీ ఉన్న సంగతి ఒకే మెసేజ్‌లో పెట్టండి. ఎవరికైనా జవాబిస్తే వాళ్ల మెసేజ్‌ని కుడివైపుకి జరిపి, దాని కిందే రాయండి. తప్పు పడితే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. కానీ ఈలోగా చదివినవాళ్లు చదివేసి ఉంటారు. అందుకే పిల్లల మార్కులు, తగాదాలు, ఫీజు బాకీలు గ్రూపులో ఎప్పుడూ పెట్టకండి. నోటిమాట గాలికి పోతుంది, ఇది ఫొటో తీసి నలుగురికీ పంపే మాట.

చదవడం రాని అమ్మల కోసం ప్రతి ముఖ్యమైన మెసేజ్ కింద వాయిస్ కూడా పెడతాను. అర నిమిషం దాటనివ్వను. పలకరింపు కంటే ముందే తేదీ, టైము చెప్పేస్తాను, ఎందుకంటే చంటిబిడ్డ ఏడుస్తుంటే ఆవిడ సగంలో ఆపేస్తుంది. తేదీని రెండుసార్లు, "పదిహేనో తారీకు, సోమవారం" అని వారంతో కలిపి చెబుతాను. చెన్నైలో ఉన్న నాన్నలు పనిచోట వాయిస్ వినలేరు, వాళ్లకి పైనున్న రాత సరిపోతుంది. ఒక్క విషయం మాత్రం రాయను, వాయిస్ కూడా పెట్టను. పిల్లాడికి బడిలో దెబ్బ తగిలితే నేరుగా ఫోనే.