టీవీలో వీడియో ఆగి ఆగి వస్తోందా? నెట్ ప్లాన్ మార్చే ముందు ఇవి చూడండి

కథ పట్టు మీద ఉండగా తెర మధ్యలో చక్రం గిర్రున తిరగడం మొదలవుతుంది. చాలామంది వెంటనే ఇంకా వేగమైన నెట్ ప్లాన్‌కు మారిపోతారు. ఎక్కువ ఇళ్లలో ఆ ఖర్చు వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఫుల్ హెచ్‌డీ వీడియోకు సెకనుకు 5 మెగాబిట్లు చాలు. 4కె వీడియోకు 15 కావాలి, కాస్త వెసులుబాటు కోసం 25 అనుకోండి. 100 మెగాబిట్ల లైను ఉండి కూడా బొమ్మ ఆగుతోందంటే మొదట అనుమానించాల్సింది రౌటర్‌కూ టీవీకీ మధ్య ఉన్న దూరాన్ని, గోడల్ని.

వేగాన్ని టీవీలోనే కొలవాలి. రౌటర్ పక్కన నిలబడి ఫోన్‌లో చూసిన అంకె లైను బాగుందని చెబుతుందే తప్ప టీవీ దాకా ఎంత చేరుతోందో చెప్పదు. టీవీలో బ్రౌజర్ ఉంటే దానిలో, లేకపోతే స్పీడ్ టెస్ట్ యాప్‌లో చూడండి. కొన్ని వీడియో యాప్‌ల సెట్టింగుల్లోనే నెట్‌వర్క్ పరీక్ష ఉంటుంది. ఇబ్బంది ఏ వేళకు వస్తుందో ఆ వేళకే, వరసగా మూడుసార్లు కొలవండి. మూడు అంకెలూ దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకసారి 60, ఇంకోసారి 4 వస్తే సగటు ఎంత బాగున్నా వీడియో ఆగుతుంది.

ఆ తర్వాత రౌటర్ నుంచి టీవీకి ఒక ఈథర్నెట్ తీగ పెట్టి అదే వీడియో వేయండి. తీగ నేల మీద అడ్డంగా పడి ఉన్నా ఫర్వాలేదు, ఇది ఒక్క గంట పరీక్షే. తీగతో నిలకడగా వస్తే తప్పు వైఫైది. తీగతోనూ ఆగితే తప్పు బయటి లైనుదో, ఆ వీడియో సర్వీసుదో. ఇంకో సర్వీసులో వీడియో వేసి చూస్తే ఆ రెండింట్లో ఏదో తేలిపోతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: చాలా టీవీల్లో ఈథర్నెట్ పోర్టు 100 మెగాబిట్లకే పరిమితం. తీగ పెట్టినా 95 దాటలేదని కంగారుపడకండి, 4కెకి అది ధారాళంగా సరిపోతుంది. తీగను శాశ్వతంగా గోడ వెంట లాగే వీలుంటే అంతకు మించిన పరిష్కారం లేదు.

తీగ కుదరనప్పుడు వైఫైని దారికి తెచ్చుకోవాలి. రౌటర్ చాలా ఇళ్లలో బయటి లైను లోపలికొచ్చిన మూలలోనే ఉండిపోతుంది, అదీ నేలకు దగ్గరగానో, అల్మరా లోపలో, టీవీ వెనకో. లోహం, అద్దం, నీళ్ల తొట్టె, కాంక్రీటు గోడ సిగ్నల్‌ను మింగేస్తాయి. ఇంటి నడుమకు జరిపి, నడుం ఎత్తుకు పైన, బయటకు కనిపించేలా పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే సగం ఇళ్ల ఇబ్బంది తీరుతుందని మా అభిప్రాయం.

ఇక బ్యాండు, అంటే వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ ఇరుగుపొరుగు రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే గుంపుగా ఉంటాయి. ఓవెన్ తిరుగుతున్నంతసేపే వీడియో ఆగుతోందంటే కారణం ఇదే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, ఖాళీగా ఉంటుంది, కానీ ఒకటి రెండు గోడలకే నీరసించిపోతుంది. టీవీ, రౌటర్ ఒకే గదిలోనో పక్క గదుల్లోనో ఉంటే 5 ఎంచుకోండి. రెండు బ్యాండులకూ ఒకే పేరు ఉంటే టీవీ తరచూ నెమ్మదైన దానికే అతుక్కుపోతుంది. రౌటర్ సెట్టింగుల్లో వేర్వేరు పేర్లు పెట్టి, టీవీలో 2.4 పేరును మరిచిపొమ్మని చెప్పండి.

2.4లో ఉండక తప్పకపోతే రౌటర్ సెట్టింగుల్లో వైఫై చానెల్ (బ్యాండులోని ఒక చిన్న భాగం) 1, 6, 11లలో ఒకటే వాడండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. ఈ మూడే ఒకదానిమీద ఒకటి పడవు. 5లో అయితే 36 నుంచి 48 వరకు ఉన్న చానెళ్లు నమ్మకమైనవి. 52 నుంచి పైన చాలా చానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ సంకేతం అందితే రౌటర్ ఉన్నపళంగా చానెల్ మార్చేస్తుంది, కొన్ని స్ట్రీమింగ్ స్టిక్‌లకైతే (టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించే చిన్న పరికరాలు) ఆ చానెళ్లు కనబడనే కనబడవు. ఉన్నట్టుండి టీవీలో వైఫై పేరు మాయమవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

సిగ్నల్ పెంచే రిపీటర్ కొన్నవాళ్లు దాన్ని సిగ్నల్ అందని గదిలోనే పెడతారు. అందని సిగ్నల్‌ను అది మాత్రం ఎక్కడి నుంచి తెచ్చి పంచుతుంది? రౌటర్‌కూ ఆ గదికీ నడిమధ్య, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట ఉండాలి. ఒకే బ్యాండులో పుచ్చుకుని అదే బ్యాండులో పంచే రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది, అది దాని స్వభావం.

కొలతలన్నీ బాగానే ఉన్నా రోజూ ఒకే సమయానికి ఆగుతోందా? ఇంట్లో ఫోన్లు ఫొటోలను క్లౌడ్‌కు పంపే సమయమేమో చూడండి. పైకి పోయే దారి (అప్‌లోడ్) పూర్తిగా నిండితే, వీడియో ముక్కలు కావాలని టీవీ అడిగే చిన్న చిన్న సందేశాలు కూడా ఆ క్యూలోనే ఇరుక్కుంటాయి. డౌన్‌లోడ్ వేగం ఎంతున్నా అప్పుడు ఉపయోగం లేదు. బ్యాకప్‌ను అందరూ నిద్రపోయే వేళకు మార్చండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరానికి ముందు నెట్ ఇవ్వాలో చెప్పే) సదుపాయం ఉంటే టీవీకి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

స్టిక్ తరచూ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతోంటే అది చాలాసార్లు కరెంటు సమస్య. టీవీ వెనక యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంప్‌లే. చాలా స్టిక్‌లకు 5 వోల్టుల దగ్గర 1 యాంప్ కావాలి. మెనూ వరకు బాగానే నడిచి, భారీ వీడియో మొదలవగానే చతికిలబడుతుంది. దానితోపాటు వచ్చిన అడాప్టరునే గోడ ప్లగ్గులో పెట్టండి. డబ్బాలో పొట్టి హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగ వచ్చి ఉంటే పారేయకండి. టీవీ వెనక లోహపు రేకుకు దూరంగా స్టిక్‌ను జరపడానికి అది పనికొస్తుంది, వైఫై మెరుగవుతుంది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పక్కనే ఉన్నా 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుడుతుంది, కాస్త ఎడంగా పెట్టండి.

8 జీబీ స్టిక్‌లలో వ్యవస్థకు పోను మిగిలేది తక్కువ. అది నిండిపోతే రిమోట్ నొక్కిన మూడు సెకన్లకు గానీ స్పందించదు. వాడని యాప్‌లు తీసేసి, పెద్ద యాప్‌ల క్యాష్ (అవి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) తుడిచి, ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగి పెట్టండి. రిమోట్‌తో ఆపితే అది నిద్రపోతుందే కానీ మళ్లీ మొదటి నుంచి మొదలవదు.

ఆగకుండా వస్తోంది కానీ బొమ్మ మసకగా ఉందంటే అది వేరే వ్యవహారం. ముందు మీ చందా 4కెకి వర్తిస్తుందా చూసుకోండి. స్ట్రీమింగ్ పెట్టె విడిగా ఉంటే, అది తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టుకు టీవీ సెట్టింగుల్లో పూర్తి సామర్థ్యం అనుమతించాలి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, చాలాసార్లు మొదట ఆపి ఉంటుంది. మధ్యలో సౌండ్‌బార్ ఉంటే దానితో సహా దారిలోని ప్రతి పరికరం హెచ్‌డీసీపీ 2.2ను (వీడియో కాపీ కాకుండా కాపాడే పద్ధతి) అంగీకరించాలి. ఒక్కటి పాతదైనా 4కె రాదు. తెరమీద తెల్లటి చుక్కలు మెరవడం, క్షణంపాటు నల్లబడటం తీగ తాళలేకపోతోందనడానికి గుర్తు. 4కె 60 ఫ్రేములకు 18 గిగాబిట్ల ప్రీమియం హై స్పీడ్ తీగ చాలు. ఫోన్‌లోనో టాబ్లెట్‌లోనో ఎంత చేసినా హెచ్‌డీ రావడం లేదంటే దాని వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే గూగుల్ వ్యవస్థ) స్థాయి చూడండి. ఎల్1 ఉంటేనే చాలా సర్వీసులు హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 అయితే ఏ సెట్టింగూ దాన్ని మార్చలేదు, కొనే ముందే కనుక్కోవాల్సిన విషయం ఇది.

పెదాలకూ మాటకూ పొంతన కుదరని ఇబ్బందిలో ఎక్కువమంది ఒక పొరపాటు చేస్తారు. చాలా టీవీల్లో ఆడియో డిలే సెట్టింగ్ మాటను వెనక్కి మాత్రమే నెట్టగలదు, ముందుకు లాగలేదు. మాట ముందుగా వస్తుంటే 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచుకుంటూ పోండి. మాట ఆలస్యంగా వస్తుంటే డిలేను సున్నా చేసి, సౌండ్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని శబ్దం) మార్చి, గేమ్ మోడ్ (బొమ్మను త్వరగా చూపే సెట్టింగ్) ఆపేయండి. బ్లూటూత్ స్పీకరైతే ఆలస్యం దాని పుట్టుకలోనే ఉంది. సినిమాలకు తీగ ఉన్నదే వాడాలి, ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని స్పీకర్‌కు పంపే సదుపాయం) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు అయితే మరీ మంచిది.

పాటలు హోరెత్తి మాటలు వినబడకపోతే, రెండు స్పీకర్ల టీవీకి 5.1 ట్రాక్ (ఆరు స్పీకర్ల కోసం చేసిన శబ్దం) పోతోందేమో చూడండి. యాప్‌లో స్టీరియో ట్రాక్ ఎంచుకుని, టీవీలో నైట్ మోడ్ వేస్తే పెద్ద చప్పుళ్లు తగ్గి మాట పైకి తేలుతుంది. సినిమా సీరియల్‌లా జారిపోతున్నట్టు కనిపించడానికి మోషన్ స్మూతింగ్ కారణం. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, టీవీ మధ్యలో లేని ఫ్రేములను తానే సృష్టిస్తుంది. దాన్ని ఆపేయండి. స్ట్రీమింగ్ పెట్టెలో ఫ్రేమ్ రేటును వీడియోకు సరిపోల్చే సదుపాయం ఉంటే వేయండి.

ఖాతాల విషయంలో ఒక మోసం గురించి గట్టిగా చెప్పాలి. కొత్త టీవీలో యాప్ తెరిస్తే ఒక కోడ్ చూపి, ఫలానా చిరునామాలో కొట్టమంటుంది. ఆ చిరునామాను సెర్చ్‌లో వెతక్కండి. అచ్చం అలాంటి నకిలీ పేజీలు, నకిలీ సహాయ నంబర్లు కనిపిస్తాయి, యాక్టివేషన్‌కు డబ్బు అడుగుతాయి. చందా వేరు, టీవీని ఖాతాకు కలపడం వేరు. కలపడానికి ఏ రుసుమూ ఉండదు. తెరమీది చిరునామాను అక్షరం అక్షరం బ్రౌజర్‌లోనే కొట్టండి, లేదా క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయండి.

యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఎక్కడ కొన్నారో అక్కడే రద్దు చేయాలి: యాప్ స్టోర్‌లో కొంటే అక్కడ, సైట్‌లో కొంటే సైట్‌లో. పిల్లలున్న ఇంట్లో పెద్దల ప్రొఫైల్‌కు, కొనుగోళ్లకు విడివిడిగా పిన్ పెట్టి, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపండి. ఇది చాలా సర్వీసుల్లో ఒక్కో ప్రొఫైల్‌కు వేరుగా ఉంటుంది, ఒకదాంట్లో మారిస్తే అన్నిట్లో మారదు.

టీవీనో స్టిక్‌నో ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ముందు ప్రతి యాప్ నుంచి సైన్ అవుట్ అవ్వండి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఈలోగా పరికరం చేయి దాటిపోతే ఫోన్ నుంచి ఖాతాలోకి వెళ్లి, పరికరాల జాబితాలో దాన్ని తొలగించి పాస్‌వర్డ్ మార్చండి.