ఫాల్కన్ 20 కార్గో డోర్ లైటు ఎందుకు ఆరలేదంటే

మిషిగన్‌లో మా హ్యాంగర్‌కి వచ్చిన ఫాల్కన్ 20లో కార్గో డోర్ మూసినా వార్నింగ్ లైటు ఆరడం లేదు. 1963లో తొలిసారి ఎగిరిన ఈ ఫ్రెంచ్ బిజినెస్ జెట్‌కి ఆ పెద్ద తలుపు పుట్టుకతో వచ్చింది కాదు, సరుకుల కోసం తర్వాత పెట్టింది. 1973లో అమెరికాలోని మెంఫిస్ నుంచి కొరియర్ కంపెనీ ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ (ఇప్పటి ఫెడెక్స్) సేవలు మొదలుపెట్టింది ఇలాంటి 14 ఫాల్కన్లతోనే. ఆ విమానాలంటే నాకు ప్రాణం.

తలుపు లాక్ అయ్యాక లైటుని ఆర్పే స్విచ్‌ని మార్చేద్దామన్నారు తోటివాళ్లు. నేను ముందు లాక్ పిన్నులు చూశాను. ఒకదాని చుట్టూ పాత గ్రీజు, దుమ్ము కలిసి నల్లగా గట్టిపడింది. పిన్ను చివరిదాకా వెళ్లట్లేదు, స్విచ్ నొక్కుకోవట్లేదు. అంటే తలుపు సరిగ్గా లాక్ కాలేదని లైటు చెప్పింది నిజమే! శుభ్రం చేసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రీజు రాసి, కొలతలు సరిచూశాక లైటు ఠక్కున ఆరిపోయింది. ఇన్‌స్పెక్టర్ కూడా చూసి సంతకం పెట్టారు. ఆ రాత్రే విమానం సరుకుతో బయల్దేరింది.