బెంగళూరు శివార్లలో దేవనహళ్లి వైపు చైనీస్ మాట్లాడేవాళ్లకు ఇల్లు చూపించాలంటే

ముందు ఏ దేశం పాస్‌పోర్టో అడగండి, ఇల్లు తర్వాత చూపించొచ్చు. చైనా, హాంకాంగ్, మకావ్ పౌరులు రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండా ఇక్కడ ఫ్లాటు గానీ సైటు గానీ కొనడానికి లేదు. ఓసీఐ కార్డు (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉంటే ఈ అడ్డు లేదు. సింగపూర్, మలేషియా వాళ్లయినా సరే, భారతీయ మూలాలు లేకుండా విదేశంలో ఉంటే కొనలేరు. వీళ్లందరికీ అనుమతి అక్కర్లేని దారి 5 ఏళ్లు మించని లీజు. కాబట్టి అమ్మకం బ్రోచర్‌ను చైనీస్‌లోకి మార్పించడం డబ్బు దండగ. అసలు గిరాకీ అద్దె ఇళ్లకే, అదీ తైవాన్ కంపెనీల ఇంజినీర్లది, దేవనహళ్లిలో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ప్లాంటు లాంటి చోట్లకు వచ్చేవాళ్లది.

తైవాన్ వాళ్లకు సంప్రదాయ లిపి వాడాలి, చైనా వాళ్లకు సరళ లిపి. అనువాదకుడికి ఇది ముందే చెప్పకపోతే ఒకరిది ఇంకొకరికి వెళ్తుంది. మెసేజీలకు చైనా వాళ్లు వాడే వీచాట్ యాప్‌ను 2020 జూన్‌లోనే మన దేశంలో నిషేధించారు. తైవాన్ వాళ్లు ఎక్కువగా ‘లైన్’ అనే మెసేజీ యాప్‌లో ఉంటారు.

ఎక్కువ తేడా వచ్చేది కొలతల దగ్గరే. తైవాన్‌లో ఇంటిని పింగ్‌లలో లెక్కేస్తారు. ఒక పింగ్ అంటే దాదాపు 35.6 చదరపు అడుగులు. 1,200 అడుగుల ఫ్లాటు 33.7 పింగ్, చైనా వాళ్లకు చెప్పాలంటే 111.5 చదరపు మీటర్లు. సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, కారిడార్ల వాటా కలిపిన విస్తీర్ణం), కార్పెట్ (ఇంట్లో వాడుకునే నేల మాత్రమే) రెండూ రాయండి. 2 బీహెచ్‌కే అంటే వాళ్లకు అర్థం కాదు, ‘2 పడగ్గదులు, 1 హాలు, 2 బాత్‌రూములు’ అనే వరసలో చెప్పాలి. అంతస్తు దగ్గర మరో చిక్కుంది: వాళ్లు గ్రౌండ్ ఫ్లోర్‌నే ఒకటో అంతస్తు అంటారు, మన మూడోది వాళ్లకు నాలుగోది. 4 అంకె చాలామందికి గిట్టదు. చూడ్డానికి వచ్చాక తెలిస్తే బేరం అక్కడే చెడుతుంది, ముందే చెప్పండి. మనం గొప్పగా రాసే ‘తూర్పు వాకిలి’కి వాళ్ల దగ్గర అంత విలువ లేదు, దక్షిణం వెలుతురు ఉంటే దాన్ని రాయండి.

ఫొటోల్లో వంటింటి చిమ్నీ తప్పకుండా ఉండాలి, పెద్ద మంట మీద వేపుళ్లు చేసేవాళ్లు మరి. పంది మాంసం వండితే ఓనరుకూ అసోసియేషన్‌కూ అభ్యంతరమా అన్నది ఇల్లు చూపించకముందే కనుక్కోండి. తర్వాత గొడవైతే నష్టం బ్రోకరుకే. ‘సెమీ ఫర్నిష్డ్’ అని వదిలేయకుండా ఏసీలు, గీజరు, వాషింగ్ మెషిన్, పవర్ బ్యాకప్ విడివిడిగా రాయాలి.

అడ్వాన్సు (డిపాజిట్) మాట మొదటి రోజే తేల్చండి. తైవాన్ చట్టంలో డిపాజిట్ 2 నెలల అద్దె దాటకూడదు. బెంగళూరులో 6 నుంచి 10 నెలలు అడిగితే మోసమేమో అనుకుంటారు. అగ్రిమెంటు కంపెనీ పేరిట రాయించి, డిపాజిట్ తగ్గించి లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) పెంచితే చాలావరకు కుదురుతుంది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పొడిగింపు కలిపి 5 ఏళ్లు దాటేలా క్లాజు పెట్టొద్దు. అద్దెదారు దిగిన 24 గంటల్లో ఓనరు ఆన్‌లైన్‌లో విదేశీయుల వివరాల ఫారం నింపాలి. ఇది చాలామంది మరిచిపోతారు, తాళాలు ఇచ్చేటప్పుడే పక్కన కూర్చుని నింపించండి.