బోరు మోటారు ప్రతి వేసవికీ కాలిపోతోందా?

ఒకే కంపెనీ, ఒకే హెచ్‌పీ మోటారు ఒకరి బోరులో ఏళ్ల తరబడి నడుస్తుంది, పక్క చేనులో ఏటా వైండింగ్ షాపుకు చేరుతుంది. కంపెనీని తిట్టే ముందు మోటారు విప్పించి కాయిళ్లు చూడండి. ఎలా కాలిందో చూస్తే ఎలా నడిపారో చాలావరకు తెలిసిపోతుంది.

కొన్ని కాయిళ్లే నల్లబడి, మిగతావి బాగున్నాయి

సాధారణంగా ఇది సింగిల్ ఫేజింగ్. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడుస్తున్న మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు అవుతుంది. అప్పుడు ఆపాల్సింది స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే. మనమేమో 'ఊరికే ట్రిప్పవుతోంది' అని దాని సెట్టింగు పెంచేస్తాం, లేదా వైరు ముక్కతో డైరెక్ట్ చేసేస్తాం. రిలేను నేమ్‌ప్లేట్ మీదున్న ఆంప్స్‌కే పెట్టించండి. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా బిగించండి, రీవైండింగ్ కంటే చవక.

కాయిళ్లన్నీ ఒకేలా మాడాయి

ముందు లో ఓల్టేజీని అనుమానించండి. ఓల్టేజీ 415 ఓల్టుల నుంచి బాగా పడిపోయినా పంపు లోడు తగ్గదు కాబట్టి మోటారు ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. ఇందులో పొరుగువాళ్ల వాడకానికీ వాటా ఉంది. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, స్టార్టింగులో ఒక్కో మోటారు మామూలుకు అయిదారు రెట్లు లాగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అడిగింది. ఒక్కరు తీస్తే లాభం లేదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ రైతులంతా మాట్లాడుకోవాలి. లైను నుంచి మోటారు లాగే కరెంటును తగ్గించే కెపాసిటర్ పెట్టించండి. లోతు బోరుకు సన్నటి కేబుల్ వేసినా ఓల్టేజీ దారిలోనే పోతుంది.

నీళ్లు ఆగి ఆగి పోస్తున్నాయి

బోరులో ఊట చాలడం లేదు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీరే. నీళ్లు అందకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ రిలే పెట్టి, గేటు వాల్వు కొంచెం మూసి నడపండి. చోటుంటే ఇంకో పైపు కలిపి మోటారును కిందికి దించవచ్చు, అడుగుకు ఆనించొద్దు, ఇసుక లాగి ఇంపెల్లర్లు (పంపులో నీటిని తోసే చక్రాలు) అరిగిపోతాయి.

కొత్తది, దించిన కొద్దిరోజులకే పోయింది

నీటితో నింపే రకమైతే, దించేముందు మోటారులో మంచినీళ్లు నింపారా? నింపారంటే హెడ్ (పంపు నీటిని ఎత్తే ఎత్తు) చూడండి. 'ఎక్కువ హెడ్ పంపు ఎక్కడైనా లాగుతుంది' అని షాపులో అంటారు. నిజమే, 100 మీటర్ల పంపును 40 మీటర్ల దగ్గర పెడితే నీళ్లు దండిగా పోస్తుంది, దాంతోపాటు ఆంప్స్ కూడా నేమ్‌ప్లేట్ దాటిపోవచ్చు. ఆంప్స్ కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి, ఆంప్స్ హద్దులోకి వచ్చేదాకా వాల్వు మూస్తూ రండి.