జర్మనీలో కారుకు వేరే మోడల్ బ్రేకులు: అధికారిక ఆమోదానికి దరఖాస్తు విధానం

జర్మనీలో నమోదైన కారుకు, అదే కంపెనీ మరింత శక్తిమంతమైన మోడల్‌లో వాడిన పెద్ద బ్రేకులను తెచ్చి అమర్చుకోవడాన్ని చట్టం నిషేధించదు. ఆ మార్పును అధీకృత నిపుణుడి చేత పరీక్ష చేయించి, నమోదు పత్రంలో రాయించుకోకుండా బండిని రోడ్డు మీదికి తేవడాన్ని మాత్రం నిషేధిస్తుంది. స్టుట్‌గార్ట్, మ్యూనిక్, వోల్ఫ్స్‌బుర్గ్ వంటి ఊళ్లలో ఉద్యోగం చేస్తూ, పాత కారు ఒకటి కొని సెలవు రోజుల్లో సొంతంగా బాగుచేసుకునే తెలుగువారు మొదట గ్రహించవలసిన తేడా ఇదే.

భారతదేశంలో పరిస్థితి వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ పొంతన కుదరని విధంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే నిబంధనను గట్టిగా సమర్థించింది. ఆ నేపథ్యం నుంచి వచ్చినవారిలో కొందరు జర్మనీలో కూడా ఇది అసాధ్యమని వదిలేస్తారు. మరికొందరు చక్రం వెనుక ఉన్నదాన్ని ఎవరు చూస్తారులే అనుకుంటారు. రెండూ పొరపాటే.

అనుమతి ఎందుకు రద్దవుతుంది

ప్రతి కారుకూ ‘బెట్రీబ్స్‌ఎర్లౌబ్నిస్’ అనే వినియోగ అనుమతి ఉంటుంది. జర్మన్ రోడ్డు వాహనాల అనుమతి నిబంధనావళిలోని 19వ సెక్షన్, రెండవ ఉపవిభాగం ప్రకారం, వాహనం రకాన్ని మార్చే మార్పు గానీ, రోడ్డుపై ఇతరులకు ప్రమాదం కలిగిస్తుందని భావించదగిన మార్పు గానీ, పొగను లేదా శబ్దాన్ని పెంచే మార్పు గానీ చేసిన క్షణం నుంచి ఆ అనుమతి దానంతట అదే రద్దవుతుంది. అధికారి ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కరలేదు. బ్రేకుల మార్పు రెండో కోవలోకి వస్తుంది.

‘ఇది కంపెనీ ఒరిజినల్ విడిభాగమే కదా’ అన్న వాదన ఇక్కడ సరిపోదు. విడిభాగం ఎంత నాణ్యమైనదైనా, దానికి ఆమోదం లభించింది మొదట అమర్చిన వాహనంలో భాగంగా మాత్రమే. ఆ వాహనం బరువు, ఇరుసులపై పడే భారం, గరిష్ఠ వేగం, పెడల్ నొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ వ్యాసం, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అమరిక అన్నీ కలిపి లెక్కించిన ఆమోదం అది. మీ కారులో ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే, దరఖాస్తు ప్రక్రియంతా ఆ లెక్క కోసమే.

మూడు మార్గాల్లో మీది ఏది

అమర్చదలచిన భాగానికి ఫ్లెన్స్‌బుర్గ్‌లోని కేంద్ర మోటారు రవాణా కార్యాలయం సాధారణ అనుమతి ఇచ్చి ఉండి, ఆ పత్రంలో మీ మోడల్ పేరు ఉండి, అమర్చిన తరువాత తనిఖీ అవసరమన్న షరతు లేకపోతే పత్రాన్ని కారులో ఉంచుకుంటే చాలు. తయారీదారు ‘టైలెగూటాఖ్టెన్’ అనే విడిభాగ నివేదిక ఇచ్చి ఉంటే, అమర్చిన వెంటనే తనిఖీ కేంద్రానికి వెళ్లి ఆమోద ముద్ర వేయించుకోవాలి. మార్కెట్లో పూర్తి కిట్‌గా అమ్మే పెద్ద బ్రేకులకు ఎక్కువగా ఈ రెండింటిలో ఒకటి లభిస్తుంది.

పాత కార్ల యార్డులో మరో మోడల్ నుంచి విప్పి తెచ్చిన బ్రేకులకు ఈ రెండూ ఉండవు. కాబట్టి మిగిలేది అదే నిబంధనావళి 21వ సెక్షన్ కింద ఒక్క వాహనానికి విడిగా జరిపే పూర్తి పరీక్ష, అంటే ‘ఐన్‌త్సెల్‌ఆబ్నామె’. ఈ వ్యాసంలోని మిగతా భాగం దాని గురించే. అసలు పరిమాణంలోనే డిస్కులూ ప్యాడ్లూ మార్చుకునేవారికి ఇదేమీ వర్తించదు. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం (ఈసీఈ) 90వ నిబంధన ముద్ర ఉన్నవి కొని వేసుకోవచ్చు.

కొనకముందే నిపుణుడిని కలవాలి

చాలామంది బ్రేకులు కొని, అమర్చి, చివర్లో తనిఖీకి సమయం తీసుకుంటారు. క్రమం దీనికి తలకిందులుగా ఉండాలి. ట్యూఫ్, డెక్రా వంటి వాహన తనిఖీ సంస్థల్లో 21వ సెక్షన్ కింద నివేదిక రాసే అధికారం అందరు ఇంజనీర్లకూ ఉండదు. రెండేళ్లకోసారి జరిగే మామూలు తనిఖీ చేసే ఇంజనీరుకు ఆ అధికారం లేకపోవచ్చు. ఫోను చేసినప్పుడు ఈ ప్రశ్నే ముందు అడగండి. ఆ తరువాత ఏ కారుకు, ఏ మోడల్ నుంచి, ఏ భాగాలు తెస్తున్నారో ఒక పేజీలో రాసి ఈమెయిల్ పంపి, ఏయే ఆధారాలు కావాలో లిఖితపూర్వకంగా అడగడం మేలు. నిపుణుడు కాదన్నది కొనకుండా ఆగిపోతే డబ్బు మిగులుతుంది. ఒకరు ఒప్పుకున్న కలయికను మరొకరు ఒప్పుకోకపోవచ్చు గనుక, ఎవరితో మాట్లాడారో చివరికి కారును కూడా వారి దగ్గరికే తీసుకెళ్లండి.

ఆ లేఖలో ఏం రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. నాలుగో తరం ఫోక్స్‌వాగెన్ గోల్ఫ్‌లో 110 కిలోవాట్ల 1.8 టర్బో మోడల్‌కు ముందు చక్రాల వద్ద 288 మిల్లీమీటర్ల డిస్కులు ఉన్నాయి. అదే ప్లాట్‌ఫామ్ మీద తయారైన మొదటి తరం స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్‌కు, మొదటి తరం ఆడి టీటీకి 312 మిల్లీమీటర్లవి ఉన్నాయి. (2000ల తొలినాళ్లలో హైదరాబాద్ రోడ్ల మీద హుందాగా తిరిగిన ఆక్టావియా ఈ కుటుంబానిదే.) 288 నుంచి 312కు వెళ్లేటప్పుడు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ వ్యాసం 54 మిల్లీమీటర్లుగానే ఉంటుంది, మారేది డిస్కు, దానికి తగ్గ కాలిపర్ క్యారియర్ (కాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్). అందువల్ల పెడల్ కదలికలో చెప్పుకోదగిన తేడా రాదు. అయితే ప్యాడ్ నొక్కే చోటు కేంద్రం నుంచి 12 మిల్లీమీటర్లు దూరం జరగడం వల్ల, అదే ఒత్తిడికి ముందు చక్రాలపై బ్రేకు బలం సుమారు పది శాతం పెరుగుతుంది. వెనుక బ్రేకులను తాకకపోతే ముందు వెనుకల నిష్పత్తి ఆ మేరకు ముందుకు మొగ్గుతుంది. నిపుణుడు ఆగి ఆలోచించేది ఇక్కడే.

పిస్టన్ వ్యాసం కూడా పెద్దదైన కాలిపర్ తెస్తే చిక్కు పెరుగుతుంది. పాత మాస్టర్ సిలిండర్ నెట్టే ద్రవం పెద్ద పిస్టన్‌ను అంతే దూరం కదల్చలేదు కాబట్టి పెడల్ లోతుగా దిగుతుంది. అప్పుడు మాస్టర్ సిలిండర్ మార్పు కూడా దరఖాస్తులో చేరుతుంది. వెనుక భాగం మారిస్తే పార్కింగ్ బ్రేకు కూడా పరీక్షలోకి వస్తుంది. నా సలహా అడిగితే, మొదటిసారి చేసేవారు పిస్టన్ వ్యాసం మారని కలయికనే ఎంచుకోవాలి. దాత కారు, అంటే బ్రేకులు విప్పి తెచ్చిన కారు కూడా మీ కారు రకానికే చెందినదైతే పని మరింత సులువు. ఉదాహరణకు గోల్ఫ్ జీటీఐ 25వ వార్షికోత్సవ ఎడిషన్‌లోనూ 312 డిస్కులే ఉన్నాయి.

సిద్ధం చేసుకోవలసిన ఆధారాలు

నిపుణుడు అడిగే ప్రశ్న ఒక్కటే: బ్రేకులు వచ్చిన కారు మీ కారు కంటే బరువైనదీ వేగవంతమైనదీ అవునా, కాదా. అందుకు జవాబు మీ నమోదు పత్రం మొదటి భాగంలోనే సగం ఉంటుంది. డీ.2 గడిలో రకం, వేరియంట్, ఎఫ్.1, ఎఫ్.2 గడుల్లో అనుమతించిన మొత్తం బరువు, 7.1, 7.2 గడుల్లో ఇరుసుల భారం, టీ గడిలో గరిష్ఠ వేగం, పీ.2 గడిలో కిలోవాట్లు ఉంటాయి. మిగతా సగం దాత కారు నమోదు పత్రం నకలు లేదా దాని అనుగుణ్యతా ధ్రువపత్రం. యార్డులో విడిభాగాలు కొనేటప్పుడు యజమాని పేరు, చిరునామా కనబడకుండా ఆ పత్రానికి ఫోటో ఇమ్మని అడగండి. కొన్న తరువాత అడిగితే దొరకడం కష్టం.

కాలిపర్, క్యారియర్, డిస్కుల మీద పోతపోసిన సంఖ్యలను శుభ్రం చేసి ఫోటోలు తీసి, తయారీదారు విడిభాగాల పట్టికలో వాటి సంఖ్యలను గుర్తించిన పేజీలను జతచేయాలి. రెండు కార్ల మాస్టర్ సిలిండర్ల వ్యాసాలు కూడా అందులో ఉండాలి. అభ్యంతరం లేదని తయారీదారు లేఖ ఇస్తే వాదన సగం తీరిపోతుంది, కానీ పాత మోడళ్లకు అది రాకపోవచ్చు.

చక్రాల సంగతి చాలామంది మరచిపోతారు. 312 డిస్కుకు కనీసం 16 అంగుళాల రిమ్ కావాలి. మీ శీతాకాలపు టైర్లు 15 అంగుళాల రిముల మీద ఉంటే అవి ఇక పనికిరావు. ఆ రిమ్ పరిమాణం ఇకపై వర్తించదని నివేదికలో కూడా రాస్తారు.

అమరిక, పరీక్ష

వాడిన కాలిపర్లను కొత్త సీళ్లతో పునరుద్ధరించి, డిస్కులూ ప్యాడ్లూ కొత్తవి వేసి, పైపులు మార్చి, వర్క్‌షాప్ మాన్యువల్‌లోని టార్క్ విలువలకే బోల్టులు బిగించాలి. సొంతంగా చేయడానికి నిషేధం లేదు. కానీ వర్క్‌షాప్ బిల్లు చూపిస్తే నిపుణుడికి సందేహాలు తగ్గుతాయి. అమర్చిన క్షణం నుంచి అనుమతి రద్దయినట్టే గనుక ఆఫీసుకు గానీ, కిరాణా కొట్టుకు గానీ ఆ కారులో వెళ్లకూడదు. కొత్త అనుమతి పొందడంతో నేరుగా ముడిపడిన ప్రయాణాలకు మాత్రం 19వ సెక్షన్ ఐదవ ఉపవిభాగం మినహాయింపు ఇస్తుంది. పాత నంబరు ప్లేట్లతోనే తనిఖీ కేంద్రానికి వెళ్లవచ్చు. అపాయింట్‌మెంట్ నిర్ధారణ కాగితం దగ్గర ఉంచుకోండి. కొత్త ప్యాడ్లు డిస్కుతో పొందిక కుదిరే వరకు పూర్తి పట్టు ఇవ్వవు. ఆ పని ప్రైవేటు స్థలంలో ముగించుకోగలిగితే పరీక్షలో అంకెలు బాగుంటాయి.

పరీక్షలో మొదట పత్రాలకూ, అమర్చిన భాగాలకూ సంఖ్యలు సరిపోల్చుతారు. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు పైపు ఎక్కడైనా రాసుకుంటుందా, రిమ్‌కూ కాలిపర్‌కూ మధ్య ఖాళీ ఉందా చూస్తారు. రోలర్ల మీద కుడి ఎడమ చక్రాల బలాన్ని కొలుస్తారు. ఒకే ఇరుసుపై తేడా 25 శాతం దాటకూడదు. ఆపైన రోడ్డు మీద నడిపి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు వంకర పోతుందా, వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయా, ఏబీఎస్ సరిగా జోక్యం చేసుకుంటుందా గమనిస్తారు. నిబంధనావళి 41వ సెక్షన్ ప్రకారం బ్రేకు వేసినప్పుడు ప్రతి సెకనుకూ వేగం కనీసం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గాలి. ఆధునిక కార్ల ఆమోదానికి వర్తించే ఈసీఈ 13-హెచ్ నిబంధన దీనికంటే కఠినం. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 70 మీటర్లలోపు కారు ఆగాలంటుంది. మీ కారుకు ఏ కొలమానం వర్తిస్తుందన్నది దాని తొలి నమోదు తేదీని బట్టి ఉంటుంది.

రుసుము పట్టిన సమయాన్ని బట్టి ఉంటుంది. ఆధారాలు పూర్తిగా ఉంటే తక్కువలో ముగుస్తుంది, లేకపోతే లెక్కలకూ అదనపు కొలతలకూ విడిగా చెల్లించవలసి వస్తుంది.

నమోదు కార్యాలయంలో

నిపుణుడి నివేదికతో పని పూర్తికాదు. దాన్ని మీ నివాస ప్రాంతపు వాహన నమోదు కార్యాలయానికి వెంటనే తీసుకెళ్లాలి. అక్కడి అధికారి కొత్త అనుమతి ఇచ్చి, మొదటి భాగం పత్రాన్ని మళ్లీ ముద్రిస్తారు. బ్రేకుల వివరం 22వ గడిలో, అంటే వ్యాఖ్యలూ మినహాయింపులూ రాసే చోట కనిపిస్తుంది. నివేదిక అసలు ప్రతి, నమోదు పత్రం రెండు భాగాలు, చెల్లుబాటులో ఉన్న తనిఖీ నివేదిక, పాస్‌పోర్టుతోపాటు నివాస నమోదు ధ్రువపత్రం తీసుకెళ్లండి. కొన్ని కార్యాలయాలు బీమా ధ్రువీకరణ సంఖ్య కూడా అడుగుతాయి. కారు రుణం మీద ఉంటే రెండో భాగం బ్యాంకు దగ్గర ఉంటుంది. దాన్ని కార్యాలయానికి పంపించే ఏర్పాటు ముందే చేసుకోవాలి. బీమా కంపెనీకి కూడా మార్పు గురించి లేఖ రాయాలి.

ఇవేవీ చేయకుండా తిరిగితే, భద్రతను గణనీయంగా దెబ్బతీసే మార్పుగా తేలినప్పుడు నడిపేవారికి 90 యూరోల జరిమానా, ఫ్లెన్స్‌బుర్గ్ కార్యాలయంలో డ్రైవర్ల తప్పులు నమోదయ్యే ఖాతాలో ఒక పాయింటు పడతాయి. ప్రమాదం జరిగితే భారం మరీ ఎక్కువ. బీమా సంస్థ ఎదుటివారికి నష్టపరిహారం చెల్లించినా, మార్పు వల్ల ప్రమాద అవకాశం పెరిగిందని చూపి మీ నుంచి 5,000 యూరోల వరకు తిరిగి వసూలు చేయవచ్చు.

ఆమోదం వచ్చాక నివేదిక నకలును కారులోనే ఉంచండి. విడిభాగాల దుకాణాలు నమోదు పత్రంలోని 2.1, 2.2 గడుల కోడ్‌లతో వెతుకుతాయి కాబట్టి, తరువాత డిస్కులు కొనడానికి వెళ్లినప్పుడు వాళ్ల కంప్యూటర్ పాత 288 డిస్కులనే చూపిస్తుంది. అప్పుడు నివేదికలోని సంఖ్యలనే చెప్పి, దాత మోడల్ పేరు మీద కొనుక్కోవాలి.