కొత్త ఫోన్ ఎక్కడ కొనాలి, ఎలా కొనాలి: సిమ్ కంపెనీ స్టోర్‌లోనా, ఊళ్లో మొబైల్ షాపులోనా?

మా వైపు భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం ఎక్కడ చూసినా బస్టాండ్ నుంచి మెయిన్ రోడ్డు దాకా మొబైల్ షాపులే. మధ్యలో జియో స్టోర్, ఎయిర్‌టెల్ స్టోర్ లాంటివి ఒకటో రెండో ఉంటాయి. ఇంట్లో ఎవరికి ఫోన్ కావాలన్నా, చుట్టాల్లో ఎవరు కొంటున్నా వెంట వెళ్లేది నేనే కాబట్టి పని ఎక్కడ చెడుతుందో బాగా తెలుసు. షాపు ఎంచుకోవడంలో పొరపాటు పడేవాళ్లు తక్కువ. ఇరవై వేలు పెట్టి ఫోన్ కొని, బాక్సు తెరవడం నుంచి జీమెయిల్ పెట్టడం దాకా మొత్తం షాపు కుర్రాడి చేతిలో పెట్టేసి, వాళ్లిచ్చిన కూల్‌డ్రింక్ తాగుతూ కూర్చునేవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఇంట్లో తేల్చుకోండి

మోడల్ షాపులో ఎంచుకోకూడదు, ఇంట్లోనే తేలిపోవాలి. రెండు మోడళ్లు, వాటి ర్యామ్, స్టోరేజ్, ఆన్‌లైన్ రేటు కాగితం మీద రాసుకోండి. షాపుకి వెళ్లాక "అది స్టాక్ లేదండి, దానికన్నా ఇది బాగుంటుంది" అన్నారంటే చాలాసార్లు ఆ రెండో ఫోన్ మీద వాళ్లకి కమీషన్ ఎక్కువని అర్థం. మీరు రాసుకున్న రెండూ లేకపోతే పక్క షాపుకి వెళ్లిపోండి, మొహమాటపడొద్దు.

వెంట తీసుకెళ్లాల్సినవి: వాడుతున్న సిమ్‌లు, ఛార్జింగ్ ఉన్న పాత ఫోన్, జీమెయిల్ పాస్‌వర్డ్. అంతే.

ఏ సిమ్ వాడతారో దాన్నిబట్టి ఫోన్ చూసుకోవాలి, ఈ మాట ఎవరూ చెప్పరు. జియో 5జీ నడిచే పద్ధతి వేరు, ఎయిర్‌టెల్ 5జీ మొదలైన పద్ధతి వేరు. జియోది స్టాండలోన్, అంటే 4జీ సాయం లేకుండా నడిచేది. ఎయిర్‌టెల్ 4జీ మీద ఆధారపడే నాన్ స్టాండలోన్‌తో మొదలుపెట్టింది. 2024 నవంబర్‌లో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ లాంటి చవక ఫోన్లలో స్టాండలోన్ ఒక్కటే ఉంది. బాక్సు మీద 5జీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఎయిర్‌టెల్ నాన్ స్టాండలోన్ సిగ్నల్ మీద అది 4జీకే పరిమితం. బీఎస్ఎన్ఎల్ వాడేవాళ్లయితే ఫోన్ వివరాల్లో 4జీ బ్యాండ్ 28, బ్యాండ్ 1 (బ్యాండ్ అంటే సిగ్నల్ నడిచే తరంగాల పట్టీ) రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి, వాళ్ల 4జీ వాటి మీదే నడుస్తుంది. షాపులో అడిగితే "అన్ని సిమ్‌లూ పనిచేస్తాయండి" అంటారు. అది నిజమే, కాని మీరడిగింది అది కాదు.

ఎక్కడికి వెళ్లాలి

నా మాట: ఫోన్ ఊళ్లో మొబైల్ షాపులో కొనండి, సిమ్ పనులు కంపెనీ స్టోర్‌లో చేయించుకోండి. రెండూ ఒకేచోట అయిపోతాయని కలిపేయొద్దు.

సిమ్ కంపెనీ స్టోర్‌లో ఉండేది ప్రధానంగా సిమ్‌లు, రీఛార్జులు, ఇంటర్నెట్ కనెక్షన్లు. ఫోన్లు ఉన్నా నాలుగైదు మోడళ్లే, బేరం ఉండదు. ఫోన్ కోసం వెళ్లినవాళ్లకి పోస్ట్‌పెయిడ్ ప్లానో ఫైబర్ కనెక్షనో అంటగట్టాలని చూస్తారు, అక్కడ పనిచేసే పిల్లలకి ఉండే టార్గెట్ అదే. పైగా కంపెనీలు తక్కువ ధరకి ఇచ్చే ఫోన్లు ఆ కంపెనీ సిమ్‌తో ముడిపెట్టి ఉంటాయి. 2003లో రిలయన్స్ 501 రూపాయలకి ఇచ్చిన ఫోన్లలో సిమ్ కార్డే లేదు, ఫోన్ ఉన్నన్నాళ్లూ నెట్‌వర్క్ అదే. 2023లో 999 రూపాయలకి వచ్చిన జియో భారత్ కూడా జియో సిమ్‌తోనే పనిచేస్తుంది. అమ్మమ్మకి కీప్యాడ్ ఫోన్ కావాలి, ఇంట్లో అందరిదీ జియోనే అంటే అది నిక్షేపంగా కొనుక్కోవచ్చు. రేపు సిగ్నల్ బాగోలేదని వేరే సిమ్ వేద్దామంటే మాత్రం కుదరదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే ఫోన్లదీ ఇదే గొడవ. అక్కడ వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ స్టోర్లలో వాయిదాల మీద తీసుకున్న ఫోన్లు సాధారణంగా ఆ కంపెనీకి లాక్ అయి ఉంటాయి. చాలావాటికి బాకీ తీరి, వాళ్లు అన్‌లాక్ చేసేదాకా మన సిమ్ తీసుకోవు. అన్‌లాక్ అయినా ఇంకో చిక్కు, అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కి, దాని తర్వాత వచ్చిన వాటికి సిమ్ ట్రేనే లేదు, ఈ-సిమ్ మాత్రమే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. తెమ్మని చెప్పేముందే ఈ రెండూ అడగండి. కోనసీమలో అయితే గల్ఫ్ ఫోన్లు. కువైట్ నుంచో దుబాయ్ నుంచో వచ్చిన బాక్సుని కొన్ని షాపుల్లో రెండు వేలు తక్కువకి ఇస్తామంటారు. బాక్సు మీద మన రూపాయల్లో ఎమ్మార్పీ, ఇక్కడి తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా లేకపోతే అది మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫోన్ కాదు. చాలా బ్రాండ్ల వారంటీ ఇక్కడ చెల్లదు. వద్దనండి.

మొబైల్ షాపు ఎందుకు మేలంటే, వంద మోడళ్లు చేతితో పట్టుకుని చూడొచ్చు, రేటు దగ్గర గట్టిగా మాట్లాడొచ్చు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ ఓనర్ మన ఊళ్లోనే ఉంటాడు. రేపు స్పీకర్ పనిచేయకపోతే ఆయన దగ్గరికెళ్లి నిలబడొచ్చు. మంచి షాపాయన అయితే ఫోన్ తనే తీసుకుని రాజమండ్రి సర్వీస్ సెంటర్‌కి పంపించి బాగుచేయించి ఇస్తాడు. ఇందుకోసం రెండు మూడు వందలు ఎక్కువైనా ఇస్తాను. పదేళ్లుగా ఒకేచోట ఉన్న షాపునే ఎంచుకోండి. సంక్రాంతి ముందు, దసరా ముందు సాయంత్రాలు మాత్రం వెళ్లొద్దు, ఆ రద్దీలో కింద చెప్పే పని చేయనివ్వరు. ఉదయం షాపు తీసిన వేళకి వెళ్లండి.

అసలు పని: సీల్ తీయడం నుంచి జీమెయిల్ దాకా

ఇక్కడ కంగారుపడితే మొత్తం పోయినట్టే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

రేటు మాట్లాడుకున్నాక, డబ్బు కట్టకముందే ఓనర్‌తో ఒక మాట చెప్పండి: "ఫోన్ ఇదే తీసుకుంటానండి. సీల్ నేనే తీస్తాను, ఏదైనా తేడా ఉంటే ఇంకో పీస్ ఇవ్వాలి." చాలామంది సరే అంటారు. "సీల్ తీస్తే తీసుకోవాల్సిందేనండి" అని భీష్మించే షాపు అయితే బయటికి వచ్చేయండి.

బాక్సు చేతికి వచ్చాక ముందు లేబుల్ చదవండి. తయారైన నెల, సంవత్సరం చూడండి. ఏడాదిన్నర కిందటిదైతే వేరేది అడగండి. ఐఎంఈఐ అంటే ఫోన్ గుర్తింపు నంబర్. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎంఈఐ నంబర్లు ఉంటాయి, ఒక్కొక్కటి 15 అంకెలు. లేబుల్‌ని మీ పాత ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ నంబర్‌ని అక్కడే పరీక్షించొచ్చు: ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ కొట్టి 14422కి మెసేజ్ పంపితే ఆ నంబర్ ఏ బ్రాండ్, ఏ మోడల్‌దో జవాబు వస్తుంది. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ యాప్‌లో కూడా ఇదే చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో వస్తే ఆ ఫోన్ ముట్టుకోవద్దు.

తర్వాత సీల్. స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి కొత్తదే అనుకోవద్దు, అలాంటి స్టిక్కర్లు తెచ్చి అంటించడం కష్టమేమీ కాదు. అసలు పరీక్ష ఫోన్ ఆన్ చేశాక వచ్చే మొదటి స్క్రీన్. భాష ఎంచుకోమని అడగాలి. అలా కాకుండా నేరుగా హోమ్ స్క్రీన్ వచ్చిందంటే ఎవరో ముందే ఆన్ చేశారు. నెలాఖరు టార్గెట్ కోసం కొన్ని షాపుల్లో అమ్మకముందే ఫోన్లు యాక్టివేట్ చేసేస్తారు. చాలా బ్రాండ్ల లెక్కలో వారంటీ ఆ రోజు నుంచే నడుస్తుంది. ఆన్‌లైన్‌లో మాత్రమే దొరికే మోడళ్లని షాపువాళ్లు తెప్పించి పెట్టుకుని అమ్మినా ఇదే నష్టం, బిల్లు ఎప్పుడో ఎవరి పేరు మీదో పడి ఉంటుంది.

హోమ్ స్క్రీన్ దాకా వచ్చాక *#06# కొట్టండి. తెర మీద వచ్చిన ఐఎంఈఐ, బాక్సు మీదది, బిల్లు మీద రాయబోయేది మూడూ ఒకటే కావాలి. చివరి నాలుగు అంకెలు చూసి వదిలేయొద్దు, పదిహేనూ చదవండి. పక్కనున్న మనిషి బాక్సు మీదవి పైకి చదువుతుంటే మీరు తెర మీద చూసుకోవడం తేలిక. వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఈ-వారంటీ కార్డు ఉంటుంది, ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో కవరేజ్ కనిపిస్తుంది. ఏడాది వారంటీ ఉన్న ఫోన్‌కి ముగింపు తేదీ కాస్త అటూ ఇటూగా వచ్చే ఏడాది ఇదే రోజు ఉండాలి. రెండు నెలలు తక్కువుందంటే అది యాక్టివేట్ చేసిన పీస్.

ఇక జీమెయిల్. నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఇక్కడే పుట్టాయి. పెద్దవాళ్లు వెళ్తే షాపు కుర్రాడు "మేం చూసుకుంటాం లెండి బాబాయిగారూ" అని తనకి తోచిన పేరుతో కొత్త జీమెయిల్ సృష్టించి, తనకి తోచిన పాస్‌వర్డ్ పెట్టేస్తాడు. తొందరగా ఉంటే తన జీమెయిలే పెట్టేస్తాడు. ఆరు నెలలు ఏ ఇబ్బందీ ఉండదు. ఒకరోజు బాబాయిగారు ప్యాటర్న్ మర్చిపోతారు, ఎవరో బటన్లు నొక్కి ఫోన్ రీసెట్ చేస్తారు. అప్పుడు ఫోన్ పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగిలించిన ఫోన్ పనికిరాకుండా గూగుల్ పెట్టిన తాళం అది, యజమానికి కూడా ఊరికే తెరుచుకోదు. ఆ కుర్రాడు అప్పటికి షాపు మానేసి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు. బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. ఫొటోలన్నీ పోతాయి.

కాబట్టి మీ జీమెయిల్ మీరే కొట్టండి, పాస్‌వర్డ్ కూడా. అమ్మానాన్నల ఫోన్ అయితే వాళ్ల పేరు మీద జీమెయిల్ ముందురోజు ఇంట్లోనే చేసి, రికవరీకి మీ నంబర్ ఇచ్చి, పాస్‌వర్డ్‌ని బ్యాంకు పాస్‌బుక్ ఉండే చోట రాసి పెట్టండి. షాపులో ఎవరి చేతికీ ఫోన్ ఇవ్వొద్దు.

తర్వాత బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి తెల్ల స్క్రీన్ మీద మచ్చలు చూడండి. రెండు సిమ్‌లూ వేసి కాల్ చేయండి. కెమెరా, స్పీకర్, ఛార్జర్ చూడండి. ఇవన్నీ అయ్యాకే టెంపర్డ్ గ్లాస్ వేయించాలి, ముందే వేస్తే తెర మీద గీత కనపడదు.

బిల్లు, డబ్బు

కంప్యూటర్ బిల్లే తీసుకోండి. ఎస్టిమేట్ అని రాసిచ్చే తెల్లచీటీ ఎందుకూ పనికిరాదు. బిల్లు మీద మీ పేరు, రెండు ఐఎంఈఐలు, షాపు జీఎస్టీ నంబర్ ఉండాలి. మన ఆంధ్రప్రదేశ్ షాపు నంబర్ 37తో మొదలవుతుంది. 36 అంటే తెలంగాణ, 29 అంటే కర్ణాటక. మండపేటలో కొన్న ఫోన్ బిల్లు 29తో మొదలైతే అడగాల్సిందే. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం, 17,700 బిల్లులో 2,700 పన్నే. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నది ఈ డబ్బు చూపించే. ఒప్పుకోవద్దు.

అమ్మిన సరుకు వాపసు తీసుకోము అని బిల్లు కింద అచ్చు వేస్తారు. దానికి భయపడక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు, లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం కూడా తప్పే. షాపులో మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఈఎంఐ తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, దాంతోపాటు కలిపేసే ఇన్సూరెన్స్, అన్నీ కలిపి మొత్తం ఎంత కడుతున్నారో కాగితం మీద వేయించండి. వాయిదా తప్పితే ఫోన్ లాక్ చేసే యాప్ వేస్తున్నారా అని కూడా అడగండి. నీళ్లలో పడితే మామూలు వారంటీ వర్తించదు. రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్లు, నర్సాపురం సఖినేటిపల్లి పంటు మీద రోజూ రేవు దాటేవాళ్లు నీటి నష్టానికి వర్తించే ప్లాన్ అని కాగితం మీద చూశాకే అదనపు డబ్బు కట్టండి. నోటి మాట వద్దు.

ఇంటికి వచ్చాక బిల్లుని ఫొటో తీసి మీ జీమెయిల్‌కే పంపుకోండి, ఆ ఫోన్‌లో మాత్రమే ఉంచితే ఫోన్ పోయినప్పుడు బిల్లూ పోతుంది. ఫోన్ పోతే ముందు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సిమ్ కంపెనీ స్టోర్‌కి వెళ్లి అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోండి. తర్వాత సంచార్ సాథీలో ఫిర్యాదు కాపీ, బిల్లు, గుర్తింపు కార్డు, ఐఎంఈఐ ఇచ్చి ఫోన్ బ్లాక్ చేయించాలి. అక్కడ ఓటీపీ అడుగుతుంది కాబట్టి సిమ్ చేతికొచ్చాకే ఆ పని పెట్టుకోండి.